పర్యావరణ నిబంధనలు, ఉద్యోగాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఊరి పక్కన ఫ్యాక్టరీ వస్తుందన్నా, ఉన్న ఫ్యాక్టరీకి మూసివేత నోటీసు అంటించారన్నా ముందుగా వినిపించేది ఒకే మాట: "గాలి, నీళ్ల సంగతి సరే, మా కూలి సంగతి ఏమిటి?" ఆ మాట అడిగినవాళ్లను కాలుష్యానికి వత్తాసు పలుకుతున్నారని కొందరు తిడతారు. నీళ్ల గురించి అడిగినవాళ్లను అభివృద్ధి నిరోధకులని ఇంకొందరు తిడతారు. ఇద్దరూ తరచూ ఒకే వీధివాళ్లు, ఒక్కోసారి ఒకే ఇంటివాళ్లు కూడా. కింది ప్రశ్నలు అలాంటి ఇళ్లలో పుట్టినవే.

పర్యావరణ నిబంధనలు కఠినమైతే ఉద్యోగాలు పోతాయా?

పోతాయి. కొన్ని వస్తాయి కూడా. దేశం మొత్తం మీద లెక్క తీస్తే పోయినవీ వచ్చినవీ చాలావరకు చెల్లుకు చెల్లు. అందుకే "నిబంధనల వల్ల లక్షల ఉద్యోగాలు గల్లంతు" అన్న మాటా, "ఒక్క ఉద్యోగం కూడా పోదు" అన్న మాటా రెండూ నమ్మదగ్గవి కావు.

చిక్కు ఎక్కడంటే, ఉద్యోగం పోయిన మనిషీ ఉద్యోగం వచ్చిన మనిషీ ఒకరు కారు. అద్దకం తొట్టి దగ్గర పదిహేనేళ్లు నిలబడ్డ మనిషికి పని పోయింది. నీటి పరీక్షల ల్యాబులో బీఎస్సీ చదివిన అమ్మాయికి పని దొరికింది. గణాంకాల పట్టికలో ఇది సున్నా. ఆ తొట్టి మనిషి ఇంట్లో మాత్రం ఈ నెల అద్దె కట్టలేదు. అందువల్ల ఎన్ని ఉద్యోగాలు అన్న ప్రశ్న కంటే ఎవరి ఉద్యోగం, ఆ నష్టం ఎవరు భరించారు అన్న ప్రశ్నే ముఖ్యమని నా అభిప్రాయం. ఈ జవాబులన్నీ ఆ కోణం నుంచే ఉంటాయి.

అమెరికాలో స్వచ్ఛ వాయు చట్టం వల్ల దాదాపు ఆరు లక్షల ఉద్యోగాలు పోయాయని చదివాను. నిజమేనా?

ఆ అంకె ఉంది. చదివే పద్ధతే తప్పుతోంది. అక్కడ 1970లో వచ్చిన చట్టం ప్రకారం గాలి ప్రమాణాలు అందుకోలేని కౌంటీల (మన జిల్లాల్లాంటివి) మీద అదనపు ఆంక్షలు పడ్డాయి. మైఖేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్త 2002లో ప్రచురించిన పరిశోధనలో, 1972 నుంచి 1987 వరకు అలాంటి కౌంటీలు, ఆంక్షలు లేని కౌంటీలతో పోలిస్తే, సుమారు 5,90,000 ఉద్యోగాలు కోల్పోయాయని తేల్చారు. "పోలిస్తే" అన్న మాటే ఇక్కడ కీలకం. ఒక కౌంటీలో ఆగిన కొలిమి పక్క కౌంటీలో వెలిగితే, ఇక్కడ ఒకటి తగ్గి అక్కడ ఒకటి పెరిగి, తేడా రెండుగా కనిపిస్తుంది. దేశం నుంచి అన్ని ఉద్యోగాలు మాయమయ్యాయని దాని అర్థం కాదు.

లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో గాలి నిబంధనలు చాలా కఠినం. అక్కడి ఫ్యాక్టరీల మీద 2001లో వచ్చిన మరో పరిశోధనలో ఉద్యోగాలకు చెప్పుకోదగ్గ దెబ్బేమీ కనిపించలేదు. యంత్రాల మీద పెట్టుబడి ఎక్కువ, మనుషులు తక్కువ ఉండే పరిశ్రమలు కావడం అందుకు ఒక కారణం.

నాకు వీటన్నిటి కంటే విలువైనదిగా కనిపించింది రీడ్ వాకర్ 2013లో ప్రచురించిన అధ్యయనం. ఆయన ఫ్యాక్టరీలను కాకుండా మనుషులను వెంబడించారు. అదే చట్టానికి 1990లో చేసిన సవరణల తర్వాత ఆంక్షలు పడిన రంగాల్లో పనిచేసినవాళ్ల సంపాదన కొన్నేళ్లపాటు ఏమైందో చూశారు. సగటున ఒక్కొక్కరు మొత్తం మీద నష్టపోయింది అంతకుముందు ఏడాది సంపాదనలో 20 శాతానికి పైగా. ఆ నష్టమంతా దాదాపుగా ఆ సంస్థ వదిలి బయటికి రావాల్సి వచ్చినవాళ్లదే. లోపల మిగిలినవాళ్లకు పెద్దగా ఏమీ కాలేదు. శుభ్రమైన గాలి వల్ల సమాజానికి కలిగిన లాభం ముందు ఈ నష్టం చాలా చిన్నదని కూడా ఆయన లెక్కలు చెబుతాయి. అంటే లాభం కోట్లమందికి కొంచెం కొంచెంగా, నష్టం కొద్దిమందికి ఒక్కసారిగా. ఆ కొద్దిమందికి ఊరట ఇవ్వడానికి డబ్బు లేదనడం కుదరదు. అవతలి వైపు లాభం అంత ఉంది.

ఉద్యోగాలు పోవడానికి అసలు కారణం పర్యావరణ చట్టాలేనా?

చాలా చోట్ల కాదు. దగ్గరి ఉదాహరణ సింగరేణి. 1990ల ఆరంభంలో అక్కడ లక్షకు పైగా ఉద్యోగులు ఉండేవారు. ఏడాదికి తీసే బొగ్గు సుమారు రెండు కోట్ల టన్నులే. 2023-24లో తీసింది 7 కోట్ల టన్నులు. పర్మినెంటు ఉద్యోగులు సుమారు 40 వేలు. బొగ్గు మూడింతలకు పైగా పెరిగింది, మనుషులు సగానికి కూడా మిగల్లేదు. తట్టా చెమ్మస్ (పార) పట్టుకుని భూమి లోపలికి దిగి బొగ్గు నింపిన కోల్ ఫిల్లర్ల స్థానంలో, భూమిని పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనులు, షావెళ్లు, డంపర్లు వచ్చాయి. మట్టి తీసే పని కాంట్రాక్టర్ల చేతికి పోయింది. ఇందులో ఏ పర్యావరణ చట్టం పాత్రా లేదు. పైగా పర్యావరణానికి ఎక్కువ చేటు చేసే ఓపెన్‌కాస్టే మనుషుల్ని తగ్గించింది.

ఎవరైనా మీతో "చట్టాల వల్ల పని పోయింది" అంటే, అదే కాలంలో అక్కడికి ఏ యంత్రం వచ్చిందో, ఏ పని కాంట్రాక్టుకు పోయిందో కూడా అడిగి చూడండి.

ఢిల్లీలో 1996లో ఫ్యాక్టరీలు మూయించినప్పుడు కార్మికులకు ఏం దక్కింది?

కాగితం మీద చాలా దక్కింది. ప్రమాదకరమైన 168 పరిశ్రమలు 1996 నవంబరు 30లోగా ఢిల్లీ వదిలి వెళ్లాలని ఆ ఏడాది జులై 8న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పులో కార్మికుల గురించి రాసిన భాగం ఇప్పటికీ చదవదగ్గది. వేరే చోటికి తరలే ఫ్యాక్టరీలో ఉద్యోగం కొనసాగినట్టే లెక్క. మూతపడ్డ రోజు నుంచి కొత్త చోట తెరిచే రోజు వరకు పూర్తి జీతం ఇవ్వాలి. వెంట వెళ్లేవాళ్లకు ఏడాది జీతం తరలింపు బోనసు. ఫ్యాక్టరీ తరలకుండా మూతపడితే చట్టప్రకారం ఇచ్చే పరిహారానికి అదనంగా ఏడాది జీతం. డిసెంబరులో ఆ ఏడాదిని ఆరేళ్లకు పెంచింది కోర్టు. అదే నెల 11న తీర ప్రాంతపు రొయ్యల చెరువుల కేసులో కూడా కార్మికులకు ఆరేళ్ల జీతమే రాసింది.

ఇక ఆ వాక్యం చివర ఉన్న షరతు చూడండి: కనీసం ఏడాది పాటు ఎడతెగకుండా పనిచేసినవాళ్లకే. ఏడాది పనిచేశామని చూపాలంటే హాజరు పట్టీలో పేరు ఉండాలి. యజమాని రాయని పేరు కోర్టుకు కనిపించదు. రోజు కూలీగా, మేస్త్రీ చేతి కింద పనిచేసినవాళ్లకు ఆరేళ్లు కాదు కదా, ఆరు రోజుల జీతం అడగడానికి కూడా ఆధారం లేదు. చట్టం మనిషిని చూడదు, పట్టీని చూస్తుంది. ఆ ఒక్క కిటుకు ఈ వ్యవహారం అంతటికీ మూలం.

నివాస ప్రాంతాల్లోని చిన్న యూనిట్లను మూయించబోయినప్పుడు, 2000 నవంబరులో, ఢిల్లీ వీధులు అట్టుడికిపోయాయి. యజమానులూ కూలీలూ కలిసి రోడ్డెక్కారు. జీతాల దగ్గర ఎన్నడూ కలవని ఇద్దరూ అక్కడ కలిశారు. ఎవరి పరిహారం ఎవరు ఇవ్వాలో తేలకుండా తాళం వేయబోతే అంతే జరుగుతుంది.

తిరుప్పూరులో అద్దకం యూనిట్లు మూయించారు కదా, ఆ ఊరు ఏమైంది?

పడింది, లేచింది. లేచినప్పుడు అందరూ లేవలేదు.

తిరుప్పూరు బనియన్ల ఊరు. గుడ్డకు రంగు పట్టించాలంటే ఉప్పు కావాలి, బోలెడు నీళ్లు కావాలి. ఆ ఉప్పునీళ్లు నొయ్యల్ నదిలో కలిసేవి. కింద ఓరత్తుపాళయం దగ్గర సాగునీటి కోసం ఆనకట్ట కట్టి 1992లో ప్రారంభించారు. పొలాలకు ఇవ్వాల్సిన నీళ్ల బదులు అందులో రంగునీళ్లు నిలిచాయి. దిగువ రైతులు కోర్టుకు వెళ్లారు. గడువుల మీద గడువులు దాటాయి. చివరికి 2011 జనవరి 28న మద్రాసు హైకోర్టు, చుక్క వ్యర్థ జలం కూడా బయటికి వదలని స్థితి సాధించని యూనిట్లన్నీ మూసేయమంది. కరెంటు కూడా తీసేయమంది. 700కు పైగా యూనిట్లు ఆగిపోయాయి.

అద్దకం ఆగితే తిరుప్పూరులో ఆగేది అద్దకం ఒక్కటే కాదు. రంగు పడితే తప్ప కత్తిరింపు లేదు, కత్తిరింపు లేనిదే కుట్టు లేదు. ఎగుమతిదారులు గుడ్డను వేరే ఊళ్లకు పంపి రంగు వేయించుకున్నారు. కొందరు పక్క జిల్లాల్లో గుట్టుగా అద్దకం మొదలుపెట్టారని వార్తలు వచ్చాయి. ఒక నది నుంచి తప్పించిన ఉప్పు ఇంకో వాగులోకి చేరిందన్నమాట. ఒకచోట పట్టి ఒకచోట వదిలే నిబంధనతో వచ్చే తంటా ఇదే.

తర్వాత ప్రభుత్వం వడ్డీ లేని రుణం ఇచ్చింది. ఉమ్మడి శుద్ధి కేంద్రాల్లో ఆర్‌వో పొరలు, ఆవిరి యంత్రాలు వచ్చాయి. నీళ్లలో ఎక్కువ భాగాన్నీ, ఉప్పునీటినీ మళ్లీ అద్దకానికే వాడటం నేర్చుకున్నారు. ఎగుమతులు 2010-11లో సుమారు 12 వేల కోట్ల రూపాయలు ఉంటే, 2022-23 నాటికి 30 వేల కోట్లు దాటాయి. "మా గుడ్డకు రంగు వేసిన నీళ్లు నదిలో కలవవు" అని కొనుగోలుదారులకు చెప్పుకోవడం ఇప్పుడు వాళ్లకు వ్యాపార సూత్రం.

దీన్ని విజయగాథగా చెప్పేవాళ్లు ఒక సంగతి దాటేస్తారు. శుద్ధి ఖర్చు మోయగలిగినవి పెద్ద యూనిట్లు, లేదా ఉమ్మడి కేంద్రంలో వాటా ఉన్నవి. రెండు తొట్లు, ఎనిమిది మంది కూలీలతో నడిచిన చిన్న యూనిట్లలో చాలా వాటికి ఆ తాళమే చివరి తాళం. నిబంధన న్యాయమైనదే, పద్ధతి క్రూరమైనది. ఇరవై ఏళ్లు నిర్లక్ష్యం చేసి ఒక్క రోజులో కరెంటు తీస్తే, మధ్యలో గడువులు అమ్ముకున్నవాడికి ఏమీ కాదు. వారం కూలి మీద బతికేవాడికి అవుతుంది.

కొల్లేరులో చెరువులు కొట్టేసినప్పుడు స్థానికుల ఉపాధి పోలేదా?

పోయింది. అంతకుముందు ఆ చెరువులు తవ్వినప్పుడు కూడా పోయింది. రెండో మాట చెప్పకుండా మొదటిది చెప్పడం సగం కథే.

కొల్లేరు మంచినీటి సరస్సు. సరస్సులో వలలు, మావులనే చేపల ఉచ్చులు వేసి బతికింది ఎక్కువగా వడ్డి కులస్థులు. 1970ల మధ్యలో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి సరస్సు పరిధిలో చేపల చెరువులకు దారి తెరిచింది. తర్వాతి ఇరవై ఏళ్లలో బయటి పెట్టుబడి వచ్చింది. సంఘం పేరు స్థానికులది, లీజు బయటివాళ్లది. సభ్యుడికి ఏడాదికోసారి లీజు డబ్బులో వాటా, కావాలంటే గట్టు మీద కాపలా పని. నీటికి యజమాని లాంటి మనిషి చెరువు గట్టు మీద పాక వేసుకుని, రాత్రంతా టార్చిలైటు పట్టుకుని, ఒకప్పుడు తాను స్వేచ్ఛగా పట్టుకున్న చేపకు కాపలా కాశాడు. నిబంధనలు రాకముందే పోయిన ఉపాధి అది. దాన్ని ఎవరూ ఉద్యోగ నష్టం అనలేదు.

ప్రభుత్వం 1999లో +5 అడుగుల కాంటూరు (సముద్ర మట్టానికి అంత ఎత్తున్న చోట్లను కలిపే గీత) వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో సరస్సు రామ్‌సర్ జాబితాలోకి, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు తెగ్గొట్టారు. లీజుదారుడు పెట్టుబడి తీసుకుని పైకి, అంటే +5 దాటిన పొలాల్లోకి వెళ్లి మళ్లీ చెరువులు తవ్వుకోగలడు. చాలామంది అదే చేశారు. గట్టు కాపలా మనిషికి లీజు వాటా పోయింది, కాపలా పని పోయింది, తిరిగి వలేద్దామంటే సరస్సు పూడిక, కాలుష్యంతో మునుపటిలా లేదు. రెండేళ్లకే, 2008లో, పరిధిని +3కు తగ్గించమని శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. గట్లు క్రమంగా మళ్లీ లేచాయి. ఏకగ్రీవం అన్న మాట గమనించండి. ఉపాధికి ప్రత్యామ్నాయం చూపని నిబంధనకు అన్ని పార్టీల్లోనూ శత్రువులే పుడతారు.

రొయ్యల రంగం కోర్టు తీర్పును తట్టుకుని పెరిగింది కదా? అంటే నిబంధనలు లేకపోతేనే ఉద్యోగాలు అన్నట్టేగా?

పైపైన చూస్తే అలాగే ఉంటుంది. తీరంలోని రొయ్యల చెరువులు తొలగించాలన్న 1996 తీర్పు అమలు కాలేదు. 2005లో పార్లమెంటు తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి ఆ చెరువులను రిజిస్ట్రేషన్ పద్ధతిలోకి తెచ్చింది. 2009లో వనామీ అనే విదేశీ రొయ్య రకానికి అనుమతి వచ్చింది. నేడు దేశపు రొయ్యల ఉత్పత్తిలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే.

కానీ ఇక్కడ ఢిల్లీ రాయని నిబంధనను బ్రస్సెల్స్ రాసింది. యాంటీబయాటిక్ అవశేషాల కోసం మన రొయ్యల సరుకులో పది శాతాన్ని పరీక్షించే యూరోపియన్ యూనియన్, 2016లో దాన్ని యాభై శాతం చేసింది. ఒక కంటెయినర్ వెనక్కి వస్తే దెబ్బ ప్రాసెసింగ్ ప్లాంటులో, చలిలో, గ్లవుజులతో నిలబడి రొయ్య తలలు తీసే ఆడవాళ్ల వరకు వస్తుంది. కిలో లెక్కన కూలి వాళ్లది. సరుకు లేని రోజు కూలి లేదు. చెరువులో మందు ఎవరో కలిపారు, పస్తు ఇంకెవరికో పడింది. మన నిబంధన మనం అమలు చేసుకోకపోతే కొనేవాడి నిబంధన కింద బతకాలి. దాని మీద మనం అర్జీ కూడా పెట్టుకోలేం.

నిబంధనలు సడలిస్తే పోయే ఉద్యోగాలు కూడా ఉంటాయా?

ఉంటాయి. వాటికి లెక్కలు ఉండవు. పటాన్‌చెరు చూడండి. 1970ల నుంచి పారిశ్రామికవాడ పెరిగింది, బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలు వచ్చాయి, వేలమందికి పని దొరికింది. అది కాదనలేం. నక్కవాగు వెంట వరి, కూరగాయలు, పాడి మీద బతికిన ఊళ్లు ఆ నీళ్లతో దెబ్బతిన్నాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకు చేరింది. స్థానికంగా వైద్యుడైన అల్లాని కిషన్‌రావు దశాబ్దాల తరబడి దాన్ని మోశారు. 2007లో స్వీడన్ పరిశోధకులు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి అయ్యాక వచ్చే నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ.

బర్రెలు అమ్ముకున్న రైతు ఏ నిరుద్యోగ పట్టికలోనూ లేడు. ఫ్యాక్టరీ మూతపడితే 300 మంది రోడ్డున పడ్డారని పత్రికలో వస్తుంది. వాగు చచ్చిపోతే 300 ఇళ్లు సాగు మానేశాయని ఏ రోజు పత్రికలో వేయాలి? అది ఒక రోజు జరిగేది కాదు కదా.

విశాఖపట్నం వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. తనకు చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని ఆ సంస్థే 2019లో ఇచ్చిన ప్రమాణపత్రంలో ఉంది. అనుమతి లేకపోయినా నడవనిచ్చి ఎవరి ఉద్యోగం కాపాడినట్టు? ఆ ప్లాంటు మళ్లీ తెరుచుకోలేదు.

నిబంధనల వల్ల కొత్తగా వచ్చే పనులు ఏమిటి?

శుద్ధి ప్లాంటు ఆపరేటర్లు, ల్యాబు పరీక్షకులు, పొగగొట్టానికి పెట్టే ఆన్‌లైన్ మీటర్ల మరమ్మతు, ప్రమాదకర వ్యర్థాల రవాణా. డిప్లొమా ఉన్నవాళ్లకు మంచి అవకాశాలే. వీటిలో ఒకటి మాత్రం ఎవరూ గర్వంగా చెప్పుకోరు: శుద్ధి ట్యాంకులోకి దిగి బురద తీసే పని. విషవాయువుకు అక్కడ మనుషులు చనిపోతూనే ఉన్నారు. పర్యావరణాన్ని కాపాడే ఉద్యోగమైనంత మాత్రాన మనిషిని కాపాడే ఉద్యోగం కాదు.

మన దగ్గర కఠినంగా ఉంటే పరిశ్రమ పక్క రాష్ట్రానికి పోదా?

ఆ బెదిరింపు వినిపించినంతగా నిజం కాదు. పరిశ్రమ చోటు చూసుకునేది భూమి, నీళ్లు, కరెంటు, రేవు, ముడిసరుకు, పనివాళ్లను బట్టి. కాలుష్య నియంత్రణ ఖర్చు చాలా రంగాల్లో వాటి తర్వాతే. అద్దకం, తోళ్లు, బల్క్ డ్రగ్స్ లాంటి వాటిలో మాత్రం ఆ ఖర్చు బరువైనది, అవి నిజంగానే కదులుతాయి. దేశమంతటా ఒకే ప్రమాణం, ఒకే పట్టుదల ఉంటే పోవడానికి చోటుండదు.

ప్రజాభిప్రాయ సేకరణలో ఉద్యోగాల గురించి ఏం అడగాలి?

నేను కూర్చున్న ఒక సేకరణ చెబుతాను. షామియానా, ముందు వరసల్లో ఎవరో తెలియని కుర్రాళ్లు, వెనక ఊరివాళ్లు, మైకు ఒకటే. కంపెనీ తరఫున ఒకాయన "ప్రత్యక్షంగా, పరోక్షంగా రెండు వేల మందికి ఉపాధి" అన్నాడు, చప్పట్లు. చివర్లో ఒక పెద్దావిడ మైకు అడిగి తీసుకుంది. "ప్రత్యక్షంగా ఎంతమందికయ్యా?" అంది. ఆయన కాగితాలు తిరగేశాడు. నూట నలభై. "అందులో మా ఊరివాళ్లు చేసే పని ఏది?" గేటు కాపలా, తోటపని, లోడింగు. "మా ఊళ్లో గొర్రెలున్న ఇళ్లే నూట యాభై" అని మైకు ఇచ్చేసి వెళ్లి కూర్చుంది. ఆ రోజు నేను విన్న ఆర్థిక విశ్లేషణల్లో అదే మేలైనది.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. కలెక్టరు గానీ అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. ముగిసేటప్పుడు నమోదైన అభిప్రాయాలను అక్కడున్నవాళ్లకు తెలుగులో చదివి వినిపించాలి. ఆ చివరి అంశం కోసం ఆగండి. అందరూ లేచి వెళ్లాక చదివినట్టు రాసుకోవడం తేలిక.

అడగాల్సినవి: నిర్మాణ దశలో ఎన్ని ఉద్యోగాలు, నడిచే దశలో ఎన్ని? వాటిలో కంపెనీ రోలు మీద ఎన్ని, కాంట్రాక్టరు కింద ఎన్ని? శిక్షణ ఎవరిస్తారు, ఏ చదువుకు? ఇప్పుడు ఆ నీళ్ల మీద, ఆ భూమి మీద బతికేవాళ్లు ఎంతమందని నివేదికలో రాశారు? ఈ ఆఖరి అంకె దగ్గర నివేదికలు తడబడతాయి. పాలేర్లకు, గొర్రెల కాపరులకు, కౌలు రైతులకు అందులో తరచూ వరసే ఉండదు.

బొగ్గు గనులు మూసే రోజు వస్తే తెలంగాణ ఏం చేయాలి?

జర్మనీ 2038లోగా బొగ్గు మానాలని నిర్ణయించుకుని, బొగ్గు ప్రాంతాలకు 4 వేల కోట్ల యూరోలు కేటాయించింది. గడువు ముందు చెప్పడం, డబ్బు ముందు పెట్టడం అక్కడ నేర్చుకోదగ్గవి. సింగరేణిలో పర్మినెంటు ఉద్యోగికి పింఛను, గ్రాట్యుటీ, యూనియన్ ఉన్నాయి. మట్టి తీసే కాంట్రాక్టు డ్రైవరుకు, కోల్‌బెల్టు ఊళ్లలో టిఫిన్ బండి నడిపే మనిషికి ఏమీ లేవు. ప్రణాళిక రాసేవాళ్లు వాళ్ల జాబితాతో మొదలుపెట్టాలి. ఆ జాబితా రాయడానికి గని మూసే దాకా ఆగనక్కర్లేదు.

మా ఫ్యాక్టరీకి కాలుష్య నియంత్రణ మండలి మూసివేత ఉత్తర్వు ఇచ్చింది. మేం ఏం చేయాలి?

ముందు ఆ ఉత్తర్వు తాత్కాలికమా, శాశ్వతమా చూడండి. నీటి చట్టం, గాలి చట్టం కింద మండలి నేరుగా మూయించగలదు, కరెంటూ నీళ్లూ ఆపించగలదు. చాలా ఉత్తర్వులు లోపాలు సరిచేసుకునే దాకానే. ఆ మధ్యకాలంలో యజమాని "పని లేదు, జీతం లేదు" అంటే ఒప్పుకోనక్కర్లేదు. 50 మంది లేదా అంతకు మించి ఉన్న ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి లేఆఫ్ (యజమాని తాత్కాలికంగా పని ఇవ్వలేని) కాలంలో మూల వేతనం, కరువు భత్యంలో సగం ఇవ్వాలన్నది పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉంది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. శాశ్వతంగా మూస్తే సర్వీసు చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం లెక్కన పరిహారం. తన తప్పు వల్ల మూతపడ్డ ఫ్యాక్టరీని "నా చేతిలో లేని పరిస్థితి" అని యజమాని చెప్పుకుని పరిహారం తగ్గించబోతే, శుద్ధి ప్లాంటు ఎప్పటి నుంచి నడవడం లేదో మండలి ఉత్తర్వులోనే రాసి ఉంటుంది. దాని నకలు తీసి కార్మిక శాఖ అధికారికి ఇవ్వండి.

కాజువల్ కార్మికులకు, బదిలీ (ఇంకొకరి బదులు పనిచేసే) కార్మికులకు లేఆఫ్ నిబంధన వర్తించదు. కాబట్టి మీరు ఏ రకం అన్నది తేల్చే కాగితం ముఖ్యం. పీఎఫ్ నంబరు, ఈఎస్‌ఐ కార్డు, గేటు పాసు, జీతం పడిన బ్యాంకు ఖాతా వివరాలు అన్నీ ఫోనులో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి ఉంచండి. గేటు పాసు తాళం పడిన రోజే వెనక్కి తీసుకుంటారు, దాని ఫొటో ముందే ఉండాలి. జీతం చేతికిచ్చే చోటైతే ఒక నోటుపుస్తకంలో తేదీ, మొత్తం రాసి మేస్త్రీ సంతకం పెట్టించుకోండి. పెట్టనంటే ఆ రోజు మీతోపాటు డబ్బు తీసుకున్న ఇద్దరి పేర్లు పక్కనే రాసుకోండి, వాళ్ల పుస్తకంలో మీ పేరు రాయించండి.